ఒకే పాస్‌వర్డ్, ఏడుగురు మనుషులు: మన వెబ్‌సైట్ ఫోల్డర్ల తలుపు ఎవరి చేతిలో ఉంది?

పోయినేడు దీపావళి దాటిన వారంలో కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె నుంచి మాకు ఫోను వచ్చింది. "అన్నా, మా పాప ఫొటో మీ సైట్లో ఉందంట. మొగం కూడా కనపడతాందంట. మూసి పెడతామని చెప్పినారు కదా మీరు?" అని తల్లి అడిగింది. బడిలో మంచినీళ్ల దగ్గర జరిగిన గొడవలో దెబ్బలు తిన్న పాప అది. మా కథనంలో పాప పేరు మార్చాం, ఊరి పేరు తీసేశాం, ఫొటోలో మొహం కనపడకుండా చేశాం. అయినా అసలు ఫొటో ఊళ్లో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది.

వెతికితే దొరికింది. ఫోన్లలోంచి దించిన ఫొటోలన్నీ, మొహాలు మూయనివి, మా సైట్ లోపల ఒక ఫోల్డర్లో పడి ఉన్నాయి. ఏ పేజీ నుంచీ దానికి లింకు లేదు. కానీ ఆ చిరునామా బ్రౌజర్లో కొడితే చాలు, ఫొటోల జాబితా మొత్తం తెరుచుకుంటోంది. అక్కడ పెట్టింది ఎవరు? అప్పట్లో మాకు ఏడుగురు వలంటీర్లు. ఏడుగురికీ ఒకే యూజర్ పేరు, ఒకే పాస్‌వర్డ్. సర్వర్ లాగ్ తెరిస్తే ఆ ఒక్క పేరే ప్రతి వరుసలోనూ ఉంది. మాలో ఎవరూ అబద్ధం ఆడలేదనే మా నమ్మకం. కానీ ఎవరి పొరపాటో తేల్చే దారి మాకు మేమే లేకుండా చేసుకున్నాం.

ఫొటోలు ఆ గంటలోనే తీసేశాం. మరుసటి రోజు ఊరికి పోయి ఆ తల్లికి క్షమాపణ చెప్పుకున్నాం. జనం ఫోన్లలోకి పోయిన ఫొటోను మాత్రం వెనక్కి తేలేకపోయాం. నేరానికి గురైన పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి అలా ఉంచినా, మనల్ని నమ్మి నోరు విప్పిన మనిషిని మనమే ఊరి ముందు నిలబెట్టినట్టయింది.

ఇప్పుడు చాలా దళిత, ఆదివాసీ సంఘాలు సొంత వెబ్‌సైట్లు నడుపుతున్నాయి. ఏడాదికి కొన్ని వేలు అద్దె కట్టి, హోస్టింగ్ కంపెనీ కంప్యూటర్లో కొంత జాగా తీసుకుని నడిపేవే ఎక్కువ. ఆ జాగాలోకి ఫైళ్లు ఎక్కించే దారినే ఎఫ్‌టిపి అంటారు. ఆ దారికి ఎన్ని తలుపులు పెట్టాలి, ఏ తలుపు ఎవరికివ్వాలి, ఎప్పుడు మూయాలి అన్నది మేం దెబ్బ తిని నేర్చుకున్నాం. దాన్నే ఇక్కడ చెబుతున్నాం.

తెలిసినవాళ్ల మధ్య పుట్టిన దారి

ఎఫ్‌టిపి అంటే ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్. దీని మొదటి రూపాన్ని 1971 ఏప్రిల్‌లో రాసింది మన దేశం మనిషే, అభయ్ భూషణ్. అలహాబాద్‌లో పుట్టి, ఐఐటి కాన్పూర్ మొదటి బ్యాచ్‌లో చదివి, అమెరికాలోని ఎంఐటిలో ఉండగా రాశారు. అప్పుడు ఆ నెట్‌వర్క్‌లో ఉన్నవి కొద్దిపాటి కంప్యూటర్లు. విశ్వవిద్యాలయాలవి, పరిశోధనా సంస్థలవి. అందరూ అందరికీ తెలిసినవాళ్లే. అలాంటి చోట దారిలో ఎవరైనా పొంచి వింటారేమో అన్న ఆలోచన పెద్దగా ఉండదు. అందుకే పాత ఎఫ్‌టిపిలో యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ పోస్టు కార్డు మీద రాసినట్టు బహిరంగంగా పోతాయి. దారిలో ఉన్న ఎవరైనా చదవొచ్చు. బస్టాండు పక్క నెట్ సెంటర్ వైఫై అయినా అంతే, లాడ్జి వైఫై అయినా అంతే.

2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ తమ బ్రౌజర్లలోంచి ఎఫ్‌టిపిని తీసేశాయి. హోస్టింగ్ కంపెనీలు మాత్రం ఇంకా ఇస్తూనే ఉన్నాయి. ఫైల్‌జిల్లా, విన్‌ఎస్‌సిపి లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో ఇప్పటికీ జనం వాడుతున్నారు. వాడొద్దని మేం అనం. కవరులో పెట్టి పంపే రకం ఉంది, అది వాడండి అంటాం. దాని పేరు ఎఫ్‌టిపిఎస్. సాఫ్ట్‌వేర్లో కనెక్షన్ పెట్టేటప్పుడు ఎన్‌క్రిప్షన్ అన్న చోట "రిక్వైర్ ఎక్స్‌ప్లిసిట్ ఎఫ్‌టిపి ఓవర్ టిఎల్‌ఎస్" అని ఎంచుకోవాలి. "ఉంటే వాడు" అనే రకం కాదు, "తప్పనిసరి" అనే రకం. పోర్టు 21 అలాగే ఉంటుంది. మొదటిసారి కలిసేటప్పుడు సర్టిఫికెట్ చూపించి నమ్ముతావా అని అడుగుతుంది. అందులో మీ సైట్ పేరో, మీ హోస్టింగ్ కంపెనీ పేరో ఉందా అని చూసి సరే అనాలి. చూడకుండా సరే నొక్కితే కవరు మీద చిరునామా చదవకుండా ఉత్తరం ఇచ్చేసినట్టే.

ఎస్‌ఎఫ్‌టిపి అని ఇంకొకటి వినబడుతుంది. పేరు దగ్గరగా ఉన్నా అది వేరే పద్ధతి, 22వ పోర్టులో నడుస్తుంది. సీప్యానెల్ ఉన్న మామూలు హోస్టింగ్‌లో అది ప్రధాన అకౌంటుకే పనిచేస్తుంది, మనం విడిగా సృష్టించే అకౌంట్లకు పనిచేయదు. ఈ సంగతి తెలియక మేం రెండు రోజులు తలకొట్టుకున్నాం.

మస్టర్‌లో పేరు ఉండాలి

అనంతపురం వాళ్లకు ఈ విషయం చెప్పడానికి కంప్యూటర్ భాష అవసరం లేదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలోనే. జాబ్ కార్డు ఎందుకు, మస్టర్ ఎందుకు అన్నది మన వాడల్లో అందరికీ తెలుసు. ఎవరు ఏ రోజు ఏ పనిలో ఉన్నారో ఎవరి పేరు మీద వాళ్లకు రాయాలి. పదిమంది పనిని ఒకే పేరు మీద రాస్తే కూలి ఎవరికి రావాలో తెలియదు, దొంగ లెక్క ఎవరిదో కూడా తెలియదు. చనిపోయినవాళ్లు, ఊళ్లోనే లేనివాళ్లు పని చేసినట్టు మస్టర్లలో ఉండడం సామాజిక తనిఖీల్లో బయటపడితే మనం ఊరుకోలేదు, నిలదీశాం. మరి మన సొంత సైట్‌లో? మేం లెక్క చూసుకుంటే పాస్‌వర్డ్ తెలిసిన ఏడుగురిలో ముగ్గురు ఎప్పుడో మానేశారు.

వాళ్లను తప్పు పట్టేదేం లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే జిల్లా ఇది. అదైనా పడాల్సినప్పుడు పడితే కదా. జూన్, జూలైలో వేరుశనగ విత్తనం వేస్తారు. దసరా నాటికి పంట చేతికొస్తుందో లేదో తేలిపోతుంది. రాకపోతే బెంగళూరు కట్టడాల పనికి పోయే బస్సులు నిండుతాయి. వలంటీర్లయినా, విలేఖరులయినా ఆ ఇళ్ల పిల్లలే. మనిషి బెంగళూరు పోతాడు, ఫోను పోగొట్టుకుంటాడు, లేదా అమ్ముకుంటాడు. పాస్‌వర్డ్ ఆ ఫోన్లోనే ఉంటుంది. అందుకే మేం అకౌంట్ల తనిఖీని క్యాలెండర్‌కు కాక వానలకు కట్టాం. దీపావళి తర్వాత ఒకసారి, ఉగాది దాటాక వలస వాళ్లు తిరిగొచ్చేటప్పుడు ఒకసారి. జాబితా తీసి, ఒక్కో పేరు చదివి, ఈ మనిషి ఇప్పుడు పనిలో ఉన్నారా అని అడుగుతాం. ఎక్కడున్నారో ఎవరూ చెప్పలేకపోతే ఆ అకౌంట్ పాస్‌వర్డ్ అక్కడికక్కడే మార్చేస్తాం.

పాస్‌వర్డ్ దొంగతనం ఊహ కాదు. 2009లో గంబ్లార్ అనే మాల్‌వేర్ ప్రపంచమంతా ఇదే పని చేసింది. జనం కంప్యూటర్లలోకి దూరి, వాటిలోని ఎఫ్‌టిపి పాస్‌వర్డ్‌లను కాజేసి, వాటితో వాళ్ల వెబ్‌సైట్లలోకే పోయి పేజీలు మార్చింది. ఫైల్‌జిల్లాలో పాస్‌వర్డ్ "సేవ్" చేస్తే మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకోనంత కాలం ఆ ఫైల్ తెరిచినవాళ్లెవరైనా దాన్ని బయటికి తీయొచ్చు. నెట్ సెంటర్ కంప్యూటర్లో సేవ్ చేసి వచ్చేయడం అంటే తాళంచెవి తలుపుకే వదిలి రావడం.

ఫోల్డర్ ఎంచుకునే చోటే అసలు పని

సీప్యానెల్‌లో "ఎఫ్‌టిపి అకౌంట్స్" అని ఒక పేజీ ఉంటుంది. అక్కడ అడిగేవి నాలుగే: పేరు, పాస్‌వర్డ్, ఫోల్డర్, ఎంత జాగా. పేరు సులభం. మనిషికొక పేరు, సంఘానికొకటి కాదు. అయితే మండలం పేరో, ఇంటి పేరో పెట్టొద్దు. లాగ్‌లు ఎవరి చేతికైనా పోతే మన మనిషి ఎవరో అందులోంచే తెలిసిపోకూడదు. మేం పక్షుల పేర్లు పెట్టాం. ఏ పిట్ట ఎవరో చెప్పే కాగితం ఆఫీసు బీరువాలో ఉంటుంది.

మూడోది, ఫోల్డర్. మా తప్పు జరిగింది ఇక్కడే. హోస్టింగ్ జాగాలో "పబ్లిక్ హెచ్‌టిఎంఎల్" అనే ఫోల్డర్ ఒకటి ఉంటుంది. పేరులోనే ఉంది, అది బజారు. దానిలో పెట్టిన ప్రతి ఫైలూ చిరునామా తెలిస్తే లోకంలో ఎవరికైనా కనపడుతుంది. కొత్త అకౌంట్ సృష్టించేటప్పుడు చాలా ప్యానెళ్లు ఫోల్డర్ గడిని తమంతట తామే నింపేస్తాయి. తరచుగా అది ఆ బజారు లోపలే ఉంటుంది. మేం చూడకుండా "క్రియేట్" నొక్కేశాం. ఏడుగురూ రెండేళ్లు నమ్మకంగా బాధితుల ఫొటోలు బజారులో పోస్తూ పోయారు.

ఆ గడిలో ఉన్నది చెరిపేసి, పబ్లిక్ ఫోల్డర్‌కు బయట, దాని పక్కన, ఒక ఫోల్డర్ పేరు రాయండి. మేం "రాక" అని పెట్టి, దాని లోపల మనిషికొక గది ఇచ్చాం. ఆ అకౌంట్‌తో లోపలికొచ్చినవాళ్లకు ఆ గదే లోకం. పైకి ఎక్కలేరు, పక్క గదిలోకి తొంగి చూడలేరు. ఉరవకొండ మనిషి ఫోను పోయినా కదిరి మనిషి పంపిన ఫొటోలకు ఏమీ కాదు. ఇంకో జాగ్రత్త: ఆ గడిని పూర్తిగా ఖాళీగా వదిలితే మొత్తం ఇల్లు రాసిచ్చినట్టే. ఈమెయిళ్లు, సైట్ సెట్టింగులు, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలు, అన్నీ ఆ అకౌంటు చేతికి పోతాయి.

పాత ఫోల్డర్లను కూడా చూసుకోండి. సీప్యానెల్‌లో "ఇండెక్సెస్" అనే చోటికి పోయి పబ్లిక్ ఫోల్డర్‌కు "నో ఇండెక్సింగ్" పెడితే ఫైళ్ల జాబితా తెరుచుకోవడం ఆగుతుంది. ఇది తలుపు వేసినట్టు కాదు, కిటికీకి పరదా కట్టినట్టు. ఫైలు పేరు సరిగ్గా తెలిసినవాళ్లకు ఫైలు కనపడుతూనే ఉంటుంది.

జాగా విషయం ఒక్క మాటలో తేలుతుంది: "అన్‌లిమిటెడ్" వదిలేయకండి. ఒకరు సభ వీడియో మొత్తం ఎక్కిస్తే డిస్కు నిండిపోయి ఈమెయిళ్లు కూడా రావడం ఆగిపోతుంది. మేం తలా 500 ఎంబి ఇచ్చాం.

చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఎక్కించడానికి మాత్రమే అనుమతి ఇచ్చి, చెరిపేయడానికి ఇవ్వకుండా ఉండొచ్చా? సీప్యానెల్ ఎఫ్‌టిపి అకౌంట్లలో ఆ సౌకర్యం లేదు. తన గదిలో ఆ మనిషి ఏదైనా చేయొచ్చు. పెట్టొచ్చు, మార్చొచ్చు, తుడిచేయొచ్చు. కాబట్టి వచ్చిన ఫైలును అక్కడే వదలకూడదు. మా దగ్గర సంపాదకుల్లో ఒకరు ప్రతి సాయంత్రం "రాక" ఫోల్డర్లోవన్నీ ఆఫీసు హార్డ్ డిస్కులోకి దించి, సర్వర్ మీద ఖాళీ చేస్తారు. సర్వర్ మీద ఏమీ మిగలకపోతే దొంగకు దొరికేదీ ఏమీ ఉండదు.

ఫైలు సాక్ష్యం కూడా

మనం దాచేది వార్తల ఫొటోలే కాదు. అట్రాసిటీ కేసుల్లో అవి రేపు కోర్టుకు పోతాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా ఇచ్చేటప్పుడు దానితో పాటు ఒక ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. ఆ పత్రం నమూనాలో హ్యాష్ విలువకు ఒక గడి ఉంది. హ్యాష్ అంటే ఫైలు వేలిముద్ర లాంటిది. ఫైల్లో ఒక్క చుక్క మారినా ఆ ముద్ర మారిపోతుంది. అందుకే ఫొటో చేతికి రాగానే దాని హ్యాష్ తీసి, తేదీతో, ఏ అకౌంట్ నుంచి వచ్చిందో రాసి పెడతాం. మొహం మూయడం, ఫొటోలో దాగి ఉన్న లొకేషన్ వివరాలు తీసేయడం, ఇవన్నీ నకలు మీదే చేస్తాం. అసలును ముట్టం.

ఏడుగురూ ఒకే పేరుతో ఎక్కించిన ఫైలు గురించి అవతలి లాయరు అడగబోయే మొదటి ప్రశ్న ఊహించండి. "ఇది ఎవరు పెట్టారు? మధ్యలో ఎవరూ మార్చలేదని ఎలా చెప్తారు?" మనిషికొక అకౌంటు ఉంటే చెప్పడానికి ఒక జవాబు ఉంటుంది.

మనవి కాని ఫైళ్లు మన ఫోల్డర్లో పుట్టడం కూడా ఈ దేశంలో హక్కుల కార్యకర్తలకు కొత్త భయం కాదు. భీమా కోరేగావ్ కేసులో అరెస్టయిన రోనా విల్సన్ కంప్యూటర్లోకి మాల్‌వేర్ ద్వారా పత్రాలు చొప్పించారని అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021 ఫిబ్రవరిలో బయటికొచ్చిన నివేదికలో చెప్పింది. అది వ్యక్తిగత కంప్యూటర్, ఇది అద్దె సర్వర్. కానీ ప్రశ్న ఒకటే: ఇందులో రాయగలిగే చేతులు ఎన్ని?

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 2015 సవరణతో వచ్చిన 15ఎ సెక్షన్ కింద, సాక్షుల పేర్లు, చిరునామాలు ప్రజలకు అందుబాటులో ఉండే కేసు రికార్డుల్లో కనపడకుండా చేయమని ప్రత్యేక కోర్టును అడగొచ్చు. కోర్టు దగ్గర మనం ఆ రక్షణ అడుగుతున్నాం. అదే సాక్షి పేరు మన సొంత సర్వర్లో ఫైలు పేరుగా పెట్టి ఉంటే ఎలా? మా దగ్గర ఉండింది. ఫొటో ఫైళ్లకు మనుషుల పేర్లు పెట్టే అలవాటు ఆ రోజుతో మానేశాం.

మూసేటప్పుడు చూసి నొక్కండి

మనిషి మానేసినప్పుడు అకౌంటు తీసేయాలి. సీప్యానెల్‌లో తీసేసేటప్పుడు రెండు దారులు చూపిస్తుంది. ఒకటి అకౌంటును మాత్రమే తీసేస్తుంది. రెండోది అకౌంటుతో పాటు దాని ఫోల్డర్‌నూ, అందులోని ఫైళ్లనూ తుడిచేస్తుంది. తొందరలో రెండోది నొక్కితే, ఆ అకౌంటుకు మీరిచ్చిన ఫోల్డర్ సైట్ ప్రధాన ఫోల్డరే అయితే, సైట్ మొత్తం పోతుంది. ముందు ఫైళ్లు దించుకోండి. తర్వాత మొదటి దారి నొక్కండి.

గొడవపడి వెళ్లిన మనిషి అయితే ఇంకో అడుగు ఉంది. పాస్‌వర్డ్ మార్చినా అప్పటికే తెరిచి ఉన్న కనెక్షన్ వెంటనే తెగకపోవచ్చు. "ఎఫ్‌టిపి కనెక్షన్స్" పేజీలో ఇప్పుడు ఎవరు లోపల ఉన్నారో కనపడుతుంది. అక్కడే తెంపేయొచ్చు. జాబితాలో మీరు సృష్టించని అకౌంట్లు ఒకటి రెండు కనపడితే కంగారు పడొద్దు. ప్రధాన అకౌంటు, లాగ్‌ల కోసం ఉండే అకౌంటు సిస్టం పెట్టినవి, వాటిని తీసేయలేం. "అనానిమస్ ఎఫ్‌టిపి" అనే పేజీ ఉంటే మాత్రం చూడండి. పేరే లేకుండా ఎవరైనా రావొచ్చనే ఏర్పాటు అది. మనకు అవసరం లేదు, ఆపేయండి.

ఇక ఆ ప్రధాన అకౌంటు. అన్ని గదుల తాళాలూ దాని చేతిలోనే ఉంటాయి. చాలా సంఘాల్లో అది ఒక్కరి దగ్గరే ఉంటుంది, సైట్ కట్టిచ్చిన కుర్రాడి దగ్గరో, అధ్యక్షుడి దగ్గరో. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రద్దు చేసేదాకా ఊరి భూముల లెక్క కరణం చంకలో ఉండేది. అడంగల్లో మన పేరు ఉందో లేదో ఆయన చెబితేనే తెలిసేది. మన సైట్‌కు మనమే ఒక కరణాన్ని పెట్టుకోవడం ఎందుకు? మా ప్రధాన పాస్‌వర్డ్ ఇప్పుడు ఇద్దరికి తెలుసు. వాళ్లలో ఒకరు మహిళ, ఇద్దరూ ఒకే ఊరివాళ్లు కారు. ప్యానెల్ లాగిన్‌కు ఫోన్ కోడ్ అడిగే రెండో తాళం పెట్టాం, మామూలు ఎఫ్‌టిపికి ఆ సౌకర్యం ఉండదు కాబట్టి ప్రధాన అకౌంటుతో ఎఫ్‌టిపి వాడడమే మానేశాం. డొమైన్ పేరు, హోస్టింగ్ బిల్లు సంఘం ఈమెయిల్ మీదకు మార్చాం. అంతకు ముందు అవి ఎవరి సొంత ఈమెయిల్ మీద ఉన్నాయో కనుక్కోవడానికే మాకు వారం పట్టింది.

ఈ ఉగాది తర్వాత బెంగళూరు నుంచి ఇద్దరు తిరిగొచ్చారు. ఒకరు మళ్లీ పని చేస్తానన్నారు. పాత అకౌంటు తెరవలేదు, కొత్త పిట్ట పేరుతో కొత్తది ఇచ్చాం. మొదటి రోజే ఫోను చేశాడు, "లోపలికి పోనీలేదన్నా, పాస్‌వర్డ్ తప్పంటాంది" అని. పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంది. యూజర్ పేరు దగ్గర పిట్ట పేరు ఒక్కటే కొట్టాడు. దాని తర్వాత ఎట్ గుర్తు పెట్టి సైట్ పేరు కూడా కొట్టాలి, ఈమెయిల్ లాగా. కొట్టాడు, తెరుచుకుంది. ఆ సాయంత్రం పదకొండు ఫొటోలు వచ్చాయి, అన్నీ అంకెల పేర్లతో.